అడవి కాని అడవిలో మిణుగురు కాని మిణుగురు

ప్రాణికోటికి శాస్త్రీయంగా నామకరణం చేసిన పెద్దలలో స్వీడన్ దేశస్థుడైన లినేయస్ పండితుడు అగ్రగణ్యుడు. 1758లో ఆయన ఒక పురుగుకు 'సిసిండెలా సిల్వాటికా' అని పేరు పెట్టాడు. లాటిన్ భాషలో సిసిండెలా అంటే మిణుగురు. సిల్వాటికా అంటే అడవిలో ఉండేది. రెండింటినీ కలిపి 'వనమిణుగురు' అనుకుంటే చెవికి ఎంతో ఇంపుగా ఉంటుంది. వచ్చిన చిక్కల్లా ఒకటే. ఆ పురుగు మెరవదు. ఇంగ్లండులో దానిని వెదకబోయినవాడు దట్టమైన అడవిలోకి పోతే అది కానరాదు. చెట్ల నీడ సోకని చోట, ఎండకు కాగిన వట్టి ఇసుక మీద అది పరుగులు తీస్తుంది. ఐరోపా నుంచి సైబీరియా వరకు పైన్ చెట్ల నడుమ ఉండే ఇసుకనేలలలో కూడ ఈ జాతి తిరుగుతుంది కనుక 'వనవాసి' అన్నందుకు లినేయస్‌ను పూర్తిగా తప్పు పట్టనక్కరలేదు. కాని ఇంగ్లీషువారు తమ నేలను చూచి దానికి వేరొక పేరు పెట్టుకున్నారు: 'హీత్ టైగర్ బీటిల్'. హీత్ భూములలోని పులిపురుగు అని అర్థం. ఈ పేరులో రెండు మాటలూ నిజమే.

ఈ పులిపురుగు ఇప్పుడు దక్షిణ ఇంగ్లండులో సర్రే, హాంప్‌షైర్, డార్సెట్ మొదలైన కొద్ది జిల్లాలలో, అందులోను కొద్దిపాటి స్థలాలలో మాత్రమే మిగిలి ఉన్నది. 2006లో అక్కడ చేసిన చట్టం ప్రకారం సంరక్షణకు ముఖ్యమైనవిగా ఎంచిన ప్రాణుల పట్టికలో దీనికి చోటు దొరికినది. బొటనవ్రేలి గోరంత పురుగుకు చట్టమేమిటని అడిగేవారు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉంటారు. వారికి సమాధానం చెప్పాలంటే పురుగును గురించీ, అది నివసించే నేలను గురించీ, రెండింటినీ చెప్పవలసి ఉంటుంది. ఒకదానిని విడిచి రెండవదానిని గుర్తుపట్టటం సాధ్యం కాదు.

పెంకుపురుగులు తెలుగు పిల్లలకు కొత్తవి కావు. వానకాలంలో అగ్గిపెట్టెలో పెట్టి తుమ్మాకు మేపే బంగారు జీరంగి పెంకుపురుగే. పేడను ఉండచేసి దొర్లించుకుపోయే పేడపురుగు, కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ముపురుగు, పైరుమీది పేనును తినిపెట్టే అక్షింతలపురుగు, నిజమైన మిణుగురు కూడ ఆ క్రమంలోనివే. ముందు రెక్కల జత గట్టిపడి పెంకువలె మారి, వెనుక రెక్కలను కప్పి కాపాడటం వీటన్నిటికీ సామాన్య లక్షణం. ఇంతవరకు శాస్త్రజ్ఞులు వర్ణించిన పెంకుపురుగుల జాతులు నాలుగు లక్షలకు దరిదాపుగా ఉన్నవి. వీటిలో నేలమీద పరుగెత్తి వేటాడే కుటుంబం ఒకటి ఉన్నది. దానిని నేల పెంకుపురుగుల కుటుంబం అనవచ్చు. ఈ కుటుంబంలో ప్రపంచం మొత్తంమీద సుమారు 40,000 జాతులు ఉంటే, బ్రిటన్‌లో ఉన్నవి దాదాపు 350. పులిపురుగులను ఈ కుటుంబంలోనే ఒక శాఖగా బ్రిటిష్ గ్రంథాలు చెబుతూ వచ్చినవి. ఇటీవల కొందరు వాటిని వేరు కుటుంబంగా విడదీస్తున్నారు. అన్నదమ్ముల పంపకాల వంటి ఈ తగవుతో మనకు పనిలేదు.

ఇక నేల సంగతి. 'హీత్' అన్న మాటకు తెలుగులో సరిపడే మాట లేదు. బీడు అందామంటే, బీడు ఒకప్పుడు దున్ని ఆ తరువాత విడిచిన చేను. బంజరు అంటే కచేరీ దస్తరాల వాసన వేస్తుంది. మైదానం అంటే పచ్చిక కళ్ళకు కడుతుంది. హీత్ ఈ మూడూ కాదు. పులుపు గుణం కలిగి సారం లేని ఇసుకనేల. దానిమీద మోకాటి ఎత్తు మించని పొదలు. ఆ పొదలలో ముఖ్యమైనది హెదర్. ఆగస్టు నెలలో అది ఊదారంగు పూలతో నేలనంతటినీ కప్పివేస్తుంది. దాని నడుమ ముళ్ళతో నిండి, పసుపుపచ్చని పూలు పూచే గోర్స్ పొదలు. అక్కడక్కడ పొదలు విడిపోయిన చోట తెల్లని ఇసుక బయటపడి ఉంటుంది. చూచేవారి దృష్టి సాధారణంగా పూలమీదనే నిలుస్తుంది. పులిపురుగుకు కావలసినది ఆ ఇసుక.

ఈ భూములను ఇంగ్లీషు రచయితలు చాలకాలం మెచ్చుకోలేదు. రాబిన్సన్ క్రూసో కథను వ్రాసిన డేనియల్ డీఫో 1724 - 27 మధ్య ప్రకటించిన యాత్రాగ్రంథంలో బాగ్‌షాట్ హీత్‌ను చూచి అరేబియా ఎడారిని తలచుకున్నాడు. 'రూరల్ రైడ్స్' అన్న గ్రంథాన్ని 1830లో ప్రకటించిన విలియం కాబెట్ సర్రే జిల్లాలోని హైండ్‌హెడ్ ప్రాంతాన్ని నోరారా తిట్టాడు. ఆయన రైతుపక్షపాతి, గింజ పండని నేలను ఆయన ఎట్లా మెచ్చుకోగలడు? హీత్‌కు సాహిత్యంలో గౌరవం కలిగించినవాడు థామస్ హార్డీ. 1878లో వెలువడిన 'ది రిటర్న్ ఆఫ్ ది నేటివ్' నవలలో 'ఎగ్డన్ హీత్' అని ఆయన పేరు పెట్టిన భూమి డార్సెట్ జిల్లాలోనిది. ఆ నవలలో మనుష్యులకంటె ఆ భూమే ప్రధాన పాత్ర అని చాలమంది విమర్శకులు చెప్పినారు. పారిస్ నగరంలో వజ్రాల వ్యాపారం విడిచి వచ్చిన నాయకుడు క్లిమ్, కంటిచూపు దెబ్బతిన్న తరువాత గోర్స్ పొదలు నరికే కూలిగా మారుతాడు. అతడు వంగి పనిచేస్తుంటే చుట్టూ తేనెటీగలు, సీతాకోకచిలుకలు, మిడతలు ఆడుతూ ఉంటవి. కథ నడిపించే తొందరలో చాలమంది పాఠకులు ఆ పుటను దాటిపోతారు. హీత్ భూముల శాస్త్రమంతా ఆ పుటలో ఉన్నదంటే అతిశయోక్తి కాదు.

ఏమంటే, హీత్ మానవుడు పుట్టించిన భూమి. వేల సంవత్సరాల క్రిందట అక్కడ అడవి ఉండేది. నవీన శిలాయుగంలోను, కంచుయుగంలోను మనుష్యులు చెట్లు నరికి సేద్యం చేసినారు. ఇసుకనేల కావటంచేత సారమంతా వానకు కొట్టుకుపోయినది. సేద్యానికి పనికిరాకపోయినా ఆ నేల వృథాగా పోలేదు. ఊరివారు పశువులను, గుర్రాలను, గొర్రెలను తోలుకుపోయి మేపినారు. పొయ్యిలోకి గోర్స్ కొట్టుకున్నారు. పై మట్టిని పెళ్ళగించి ఎండబెట్టి వంటచెరకుగా వాడుకున్నారు. ముదిరిన పొదలను తగులబెట్టినారు. ఇట్లా కోతా, మేతా, మంటా ఎడతెగకుండా సాగినంతకాలం అక్కడ చెట్టు పెరగలేదు. ఎప్పుడూ ఏదో ఒక మూల కొత్తగా ఇసుక బయటపడుతూనే ఉన్నది. హార్డీ నాయకుని చేతిలోని కత్తి ఒక విధంగా పులిపురుగుకు ఇల్లు కట్టిన పనిముట్టు. ఆ కూలివానికి ఆ సంగతి తెలిసి ఉండదు గాక.

పులిపురుగును గుర్తించటం ఎట్లా? బ్రిటన్‌లో పులిపురుగులు ఐదే జాతులు. వాటిలో మూడు సముద్రతీరాన్ని అంటిపెట్టుకొని ఉండేవి. రెండు ఇసుకతిన్నెల మీద, ఒకటి తీరాన కూలిపోయే మెత్తని మట్టి కొండచరియలలో. మిగిలిన రెండింటిలో ఒకటి పచ్చ పులిపురుగు. ఇది సామాన్యమైనది. హీత్ భూములలోను, కాలిబాటల పక్కన, ఎండ తగిలే ఏ నేలమీదనైనా ఉంటుంది. గడ్డిపచ్చని దేహం, రెక్కలమీద కొద్ది పసుపు చుక్కలు. రెండవది మన కథానాయకుడు. పచ్చ పులిపురుగు 12 నుంచి 15 మిల్లీమీటర్లు ఉంటే ఇది సుమారు 15 నుంచి 19 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది, ఐదింటిలోను పెద్దది. దేహం కంచు ఛాయ కలిసిన ముదురు గోధుమరంగు. ఒక్కొక్కదానిలో నలుపు అనే చెప్పాలి. రెక్కలమీద మీగడరంగు గీతలు, చుక్కలు. నడుమ ఉన్న గీత అలవలె వంకర తిరిగి ఉంటుంది. హెదర్ కొమ్మల నీడ, ఇసుకమీద రాలిన పుల్లలు, వీటి నడుమ అది కదలక నిలిస్తే ఎంతటి తీక్ష్ణదృష్టికైనా అందదు.

కాని రంగును నమ్ముకొని జాతిని నిర్ణయించటం ప్రమాదకరం. పచ్చజాతిలోనే అరుదుగా నల్లబారిన పురుగులు పుడుతూ ఉంటవి. అటువంటిదాన్ని చూచి అపురూపమైన జాతి దొరికినదని సంబరపడితే ఆ నమోదు కొన్నాళ్ళకు కొట్టివేయబడుతుంది. అందుచేత తెలిసినవారు పురుగు ముఖాన్ని చూస్తారు. హనువులకు పైన పలుచని బిళ్ళవలె పైపెదవి ఉంటుంది. పచ్చజాతిలో అది లేతపసుపు. హీత్ పులిపురుగులో నలుపు. వ్రేలెడు పొడవైనా లేని పురుగుకు పెదవి చూచి కులం చెప్పటం నవ్వు పుట్టించవచ్చు. అయినా ఈ విషయంలో రెక్కల రంగుకంటె పెదవి సాక్ష్యమే బలమైనది. మార్టిన్ లఫ్ 2007లో ప్రకటించిన బ్రిటిష్ నేల పెంకుపురుగుల గ్రంథం వంటి పుస్తకాలన్నీ ఇటువంటి చిన్న చిన్న గుర్తులను మెట్లుమెట్లుగా పేర్చి పాఠకుణ్ణి పేరు దగ్గరకు నడిపిస్తవి. ప్రతి మెట్టు దగ్గర రెండు దారులు. ఏది నిజమో పురుగును చూచి తేల్చుకోవాలి. వ్యాకరణం చదివినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. సంధిని గుర్తుపట్టాలంటే ముందు పూర్వపదం చివర ఏ అచ్చు ఉన్నదో చూడాలి గదా.

పులిపురుగుల వంశలక్షణాలు కూడ ముఖంలోనే ఉన్నవి. కళ్ళు ఉబ్బి పక్కలకు పొడుచుకురావటంచేత తల మెడభాగం కంటె వెడల్పుగా కనిపిస్తుంది. హనువులు కొడవళ్ళవలె వంగి, లోపలివైపు పళ్ళతో ఒకదానిపై ఒకటి దాటి ఉంటవి. మిగిలిన నేల పెంకుపురుగులకు స్పర్శశృంగాలు కంటికీ హనువుకూ నడుమ పక్కభాగం నుంచి మొలిస్తే, వీటికి హనువుల మొదళ్ళకు పైగా నుదుటి నుంచి మొలుస్తవి. కాళ్ళు సన్నగా, దేహానికి మించిన పొడవుతో ఉండటం చూస్తేనే ఇది పరుగుకు పుట్టిన ప్రాణి అని తెలుస్తుంది.

ఆ పరుగులో ఒక వింత ఉన్నది. పులిపురుగు ఎరను చూచి ఉరుకుతుంది, కొంతదూరం పోయి ఠక్కున ఆగుతుంది, మళ్ళీ ఉరుకుతుంది. అలసి ఆగినదని చూచేవారు అనుకుంటారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో కోల్ గిల్బర్ట్ అనే శాస్త్రజ్ఞుడు అక్కడి పులిపురుగులను పరిశీలించి 1997లో అసలు కారణం ప్రకటించాడు. పురుగు పరుగెత్తే వేగానికి దాని కళ్ళు చాలినంత వెలుతురును పోగుచేసుకోలేవు. పరుగులో ఉన్నంతసేపు ఎర దానికి సరిగా కానరాదు. ఆగి, ఎర ఎటు పోయినదో చూచుకొని, తిరిగి ఉరుకుతుంది. మరి ఆ గుడ్డిపరుగులో దారికడ్డం వచ్చే పుల్లలకు కొట్టుకోదా? ఆయనే డేనియల్ జురెక్ అనే మరొక పరిశోధకునితో కలిసి 2014లో దానికీ జవాబు చెప్పాడు. పరుగెత్తేటప్పుడు పురుగు స్పర్శశృంగాలను ముందుకు చాచి, నేలకు కొంచెం ఎత్తున బిగబట్టి ఉంచుతుంది. వాటి కొసలు తగలగానే దేహాన్ని పైకి ఎత్తి అడ్డును దాటుతుంది. చూపులేనివాడు చేతికర్ర చాచి నడచినట్లే.

పురుగులను వెంబడించేవారి పరుగులు కూడ తక్కువ వింతవి కావు. చార్లెస్ డార్విన్ మహాశయుడు 1828 - 31 నడుమ కేంబ్రిడ్జిలో చదువుకునే రోజులలో పెంకుపురుగుల పిచ్చిలో మునిగి ఉండేవాడు. ఒకనాడు చెట్టుబెరడు ఒలిచి చూస్తే రెండు అరుదైన పురుగులు కనిపించినవి, చేతికొకటి పట్టుకున్నాడు. అంతలో మూడవ కొత్తజాతి కనిపించినది. దానిని వదులుకోలేక కుడిచేతిలోని పురుగును నోట్లో వేసుకున్నాడు. అది ఘాటైన ద్రవం చిమ్మి నాలుకను కాల్చివేసినది. దానిని ఉమ్మివేయగా ఆ పురుగూ పోయినది, మూడవదీ పోయినది. ఆయన తన ఆత్మకథలో ఈ సంగతి తానే వ్రాసుకున్నాడు. నేల పెంకుపురుగుల వంశంలో చాలవాటికి ఈ ద్రవమే ఆయుధం.

మన దేశానికీ ఈ శాస్త్రానికీ సంబంధం పాతదే. 'ఫౌనా ఆఫ్ బ్రిటిష్ ఇండియా' అనే గ్రంథమాలలో డబ్ల్యు. డబ్ల్యు. ఫౌలర్ పులిపురుగుల సంపుటాన్ని 1912లో వెలువరించాడు. భారత అటవీశాఖలో పనిచేసిన హెచ్. ఇ. ఆండ్రూస్ నేల పెంకుపురుగులను గురించి 1929లోను, 1935లోను రెండు సంపుటాలు వ్రాశాడు. బ్రిటన్‌లో ఐదే జాతులు ఉంటే మన దేశంలో పులిపురుగుల జాతులు రెండు వందలకు మించి ఉన్నవి. ఏటి ఇసుకలలోను, చెరువు అంచుల తడినేలలలోను, వరిచేల గట్లమీద మనిషి అడుగుకు ముందు ఎగిరి పదిగజాల దూరంలో వాలి వెనుదిరిగి చూచే చిన్న పురుగును గమనించిన విద్యార్థి ఈ వంశాన్ని చూచినట్లే. దానికి అచ్చతెనుగులో ప్రత్యేకించి ఒక పేరు స్థిరపడకపోవటం విచారకరం.

తిరిగి ఇంగ్లండు ఇసుకకు వద్దాము. పెద్ద పురుగును చూడగలిగేది వసంతకాలం చివర, వేసవిలో, అదీ ఎండ కాసినప్పుడే. ఏడాది పొడుగునా అక్కడ ఉండేది దాని పిల్ల, అంటే డింభకం. ఆడపురుగు వట్టినేలలో ఒక్కొక్క గ్రుడ్డునే పాతిపెడుతుంది. పుట్టిన డింభకం అక్కడే నిలువుగా బావి త్రవ్వుకుంటుంది. దాని తల నల్లగా, గట్టిగా, పైన బల్లపరుపుగా ఉండి బావినోటికి సరిగా మూతవలె సరిపోతుంది. మిగిలిన దేహమంతా తెల్లని మెత్తని పురుగు. కడుపు ఐదవ ఖండంమీద గూని వంటి ఉబ్బు, దానిమీద ముందుకు వంగిన కొక్కేలు ఉంటవి. ఈ కొక్కేలను బావిగోడకు తగిలించి, తలను నేలమట్టానికి ఉంచి, అది గంటల తరబడి కదలక కాచుకొని ఉంటుంది. చీమయో సాలీడో పక్కగా పోతే వెల్లకిలా వెనుకకు విరుచుకుపడి హనువులతో అందుకొని బావిలోకి లాగుతుంది. ఎర ఎంత పెనుగులాడినా కొక్కేలు డింభకాన్ని బయటికి రానీయవు. అడుగు చప్పుడు వినిపిస్తే చాలు, తటాలున అడుగుకు దిగిపోతుంది. అప్పుడు ఇసుకలో గుండ్రని రంధ్రం మాత్రం మిగులుతుంది. పెన్సిలుకంటె సన్నని ఆ రంధ్రం అంచు అచ్చు గీసినట్లు నున్నగా ఉంటుంది. చీమపుట్టకు ఉన్నట్లు దాని చుట్టూ మట్టి కుప్ప ఉండదు. ఓపిక ఉన్నవాడు అక్కడే కొంచెం దూరంగా కూర్చుంటే కొంతసేపటికి రంధ్రం మాయమవుతుంది. తల పైకి వచ్చి మూత పడినదన్నమాట.

ఈ దుర్గానికి కూడ శత్రువు ఉన్నది. మెథోకా అనే కందిరీగజాతిలో ఆడదానికి రెక్కలుండవు. చూడటానికి చీమవలె ఉంటుంది. అది కోరి కోరి డింభకం నోటి ముందుకు పోతుంది. డింభకం హనువులతో పట్టుకుంటుంది. సన్నని నడుము గల ఆ కందిరీగ హనువుల సందున ఇమిడి, తల క్రింద మెత్తని చోట ముల్లు దించుతుంది. డింభకం చచ్చుబడిపోతుంది. దానిమీద గ్రుడ్డు పెట్టి, బావిని ఇసుకతోను మట్టిబెడ్డలతోను పూడ్చి, కందిరీగ తన దారిన తాను పోతుంది. పులిపురుగులు తరిగిపోతే ఈ కందిరీగకు బ్రతుకు లేదు. కథలలో ఒక రాక్షసుని ప్రాణం మరొక చోట చిలుకలో ఉన్నట్లు, హీత్‌లో ఒకదాని ప్రాణం మరొకదానిలో దాచి ఉన్నది.

వట్టి ఇసుకే ఎందుకు? వేడిమి ఒక కారణం. ఇంగ్లండు వంటి చల్లని దేశంలో దేహం కాగితే తప్ప ఈ వేటగాని కాళ్ళు ఆడవు. హెదర్ నీడలోని నేలకంటె మధ్యాహ్నపు ఎండలో దక్షిణానికి వాలిన ఇసుకనేల ఎన్నో రెట్లు త్వరగా కాగుతుంది. రెండవది, డింభకం బావికి వేళ్ళు అడ్డురాని, కూలిపోని నేల కావాలి. గడ్డి అల్లుకుంటే ఎర కనపడదు, బావినోరు నీడపడుతుంది. అయితే ఇసుక ఒక్కటే ఉన్నా చాలదు. ఎండ మరీ పెరిగినప్పుడు, వాన వచ్చినప్పుడు దాగటానికి హెదర్ పొదలు దగ్గరలో ఉండాలి. ఎరలు పుట్టేదీ ఆ పొదలలోనే. పొదలూ ఇసుకా చదరంగపు గళ్ళవలె కలిసి ఉన్న నేల కావాలన్నమాట. పాతకాలపు మేతా కోతా చేసిపెట్టినది అదే.

ఆ నేల ఏమైనదో డార్సెట్ జిల్లా లెక్కలు చెబుతవి. పద్దెనిమిదవ శతాబ్దం నడుమ ఆ జిల్లాలో హీత్ భూమి సుమారు 40,000 హెక్టార్లు, అంటే దాదాపు లక్ష ఎకరాలు. 1962లో నార్మన్ మూర్ అనే శాస్త్రజ్ఞుడు ఆ భూముల క్షీణతను పటాలతో సహా వివరించి ప్రకటించాడు. 1978 నాటి సర్వే ప్రకారం మిగిలినది 6,000 హెక్టార్లకు లోపు. అదైనా ఒక్కచోట లేదు, ఏడు వందలకు మించిన ముక్కలై చెదరి ఉన్నది. 1800 తరువాత ఇంగ్లండు మొత్తంమీద హీత్ భూములలో ఐదింట నాలుగు వంతులకు పైగా అంతరించినవి. కొంత రసాయనిక ఎరువుల పుణ్యమా అని సేద్యంలోకి పోయినది. కొంత ఇళ్ళకూ రోడ్లకూ పోయినది. ముక్కకూ ముక్కకూ నడుమ వీధులూ తోటలూ అడ్డం వచ్చిన తరువాత, బెదిరితే పదిగజాలు ఎగిరి వాలే పురుగు ఒకచోట నశిస్తే మరొకచోటి నుంచి వచ్చి చేరటం దుస్సాధ్యం.

నష్టంలో చిత్రమైన భాగం సదుద్దేశంతో జరిగినది. మొదటి ప్రపంచయుద్ధంలో కలపకు కటకటపడిన బ్రిటన్ 1919లో అటవీ సంఘాన్ని స్థాపించినది. పనికిరాని భూములుగా పేరుపడ్డ హీత్‌లమీద పైన్ మొక్కలు బారులు బారులుగా నాటినారు. ఎడారిని అడవి చేసినామని ఆ తరంవారు గర్వపడినారు. చెట్టు నాటటం ఎక్కడైనా పుణ్యమే అన్నది మనకు కూడ చిన్ననాటి నుంచి అలవడిన భావం. చాలచోట్ల అది నిజం కూడ. కాని హీత్‌లో ఒక పైన్ తోపు పెరిగితే దాని క్రింద ఇసుక సూదులవంటి ఆకుల పరుపు క్రింద మునిగిపోతుంది. చెట్టుకు ఉన్న గౌరవం ఇసుకకు లేకపోవటంచేత ఆ నష్టం చాలకాలం ఎవరి కంటా పడలేదు.

నాటని చోట కూడ చెట్లు వాటంతట అవే వచ్చినవి. గోర్స్ కొట్టేవారు బొగ్గుకూ ఆ తరువాత వాయువుకూ మారినారు; పశువులను తోలేవారు లేకపోయినారు. 1953లో కుందేళ్ళకు మిక్సొమటోసిస్ అనే వ్యాధి బ్రిటన్‌కు వచ్చి వాటిని తుడిచిపెట్టినంత పని చేసినది. నేలను గీకి, గడ్డిని కొరికి ఇసుకను తెరిచి ఉంచే ఆ చిన్న పనివారు కూడ తగ్గిపోయినారు. మోటారు బండ్ల పొగ నుంచీ, పశువుల శాలల నుంచీ గాలిలో చేరిన నత్రజని వానతో దిగి, సారం లేకపోవటమే సారంగా బ్రతికిన నేలకు ఎరువై గడ్డిని పెంచుతున్నది.

ఇప్పుడు ప్రకృతి సంరక్షకులు చేస్తున్న పని చూపరులకు వింతగా తోస్తుంది. వారు పైన్, బర్చ్ చెట్లను నరికివేస్తారు. పొట్టి గుర్రాలను, పశువులను తోలి మేపుతారు. మట్టి త్రవ్వే యంత్రాలతో పై పొరను గీకి, దక్షిణానికి వాలుగా ఇసుకను బయటపెడతారు. 'ప్రకృతిని కాపాడేవారే చెట్లను కొట్టటమేమిటి?' అని చుట్టుపక్కల నివసించేవారు నిలదీయటం కద్దు. ఆ కోపాన్ని తేలికగా తీసివేయరాదు. చెట్లమీది ప్రేమ నుంచి పుట్టినది అది. అయినా ఈ తగవులో న్యాయం ఇసుక పక్షాననే ఉన్నదని చెప్పక తప్పదు. పైన్ చెట్లు ఆ దేశంలో అంతటా ఉన్నవి. ఈ రకమైన భూమిలో ప్రపంచం మొత్తంమీద మిగిలినదానిలో ఐదవ వంతు బ్రిటన్‌లోనే ఉన్నదని అంచనా.

మరొక విచిత్రం. సర్రే, హాంప్‌షైర్ సరిహద్దులలో ఆల్డర్‌షాట్ పరిసరాల హీత్‌లు చిరకాలంగా సైన్యం అధీనంలో ఉన్నవి. డార్సెట్‌లో హార్డీ నవలకు రంగస్థలమైన ప్రాంతానికి చేరువనే బోవింగ్టన్‌లో 1916 నుంచి టాంకుల శిక్షణ జరుగుతున్నది. ఇళ్ళు కట్టేవారిని సైన్యం దూరంగా ఉంచినది. సైనికుల బూట్లూ, బండ్ల చక్రాలూ పొదలను నలిపి ఇసుకను తెరిచి ఉంచినవి. వట్టినేలను కోరే కీటకాలు చాల అటువంటి చోట్ల బ్రతికిపోయినవి. అట్లాగని త్రొక్కుడు ఎంతయినా మంచిదే అనుకోరాదు. డింభకాల బావులున్న చోట రోజూ గుర్రపుస్వారీలు, మోటారు సైకిళ్ళు తిరిగితే బావులతో పాటు తరాలు కూడ పూడిపోతవి. పులిపురుగు పిల్ల పెద్దది కావటానికి సాధారణంగా రెండేళ్ళు పడుతుంది. ఒక్క వేసవిలో జరిగిన పొరపాటు రెండేళ్ళ సంతానాన్ని తీసుకుపోతుంది.

కనుక ఆ నేలను చూచుకునేవారు లెక్కలు కట్టుదిట్టంగా ఉంచుతారు. ఎండకాసే రోజున, గాలి లేనివేళ, నిర్ణయించిన దారివెంట నెమ్మదిగా నడుస్తూ, ముందున్న ఇసుకమీద నీడ పడకుండా చూచుకుంటూ, ఎగిరిన ప్రతి పురుగునూ లెక్కిస్తారు. ఛాయాచిత్రం తీయగలిగితే ముందువైపు నుంచి, పైపెదవి కనిపించేటట్లు తీస్తారు. గీకిన ఇసుకపట్టీలలో బావినోళ్ళను వేరుగా లెక్కవేస్తారు. తేదీ, స్థలం, గమనించినవారి పేరు వ్రాస్తారు. మబ్బు పట్టినదా, పులిపురుగులన్నీ ఎక్కడివక్కడ హెదర్ క్రింద దూరిపోతవి. ఎంత వెదకినా ఒక్కటీ కనిపించదు. అటువంటి నాడు పుస్తకంలో సున్న వేసి, దాని పక్కన ఆకాశం ఎట్లా ఉన్నదో కూడ వ్రాసి, మళ్ళీ ఎండ కాసిన రోజున వస్తారు.